కత్తెర ఎవరి పక్షం?

రంగస్థలం మీద పాడిన పాటలన్నీ వెండితెర మీద పాడనక్కరలేదని సినిమా విమర్శకులు చెబుతారు. నిడివి పెరుగుతుంది, కథ నడక కుంటుపడుతుంది, తెర పద్ధతి వేరు, రంగం పద్ధతి వేరు. ఇవీ వాళ్ల కారణాలు. పాత నాటకాన్ని ముప్ఫయ్యేళ్లకో యాభయ్యేళ్లకో మళ్లీ ఆడేవాళ్లు కూడా దాదాపు ఇదే మాట అంటారు. నిడివికి బదులు కాలం మారిందంటారు, అంతే తేడా. ఈ మాటల్లో కొంత నిజం వుంది. మూడు గంటల సంగీత నాటకాన్ని రెండు గంటలకు కుదిస్తే ఏదో ఒకటి పోక తప్పదు. దానిమీద తగాదా లేదు. ఏది పోయింది, ఏది మిగిలింది, పోయినదాని పీట మీద ఏది వచ్చి కూచుంది అనే లెక్క మాత్రం ఈ విమర్శకులు వేయరు. నేను వేయదలచుకున్నది ఆ లెక్కే.

నా వుదాహరణలు ఎక్కువగా అమెరికావి, కొన్ని జర్మనీవి. మన పద్యనాటకాన్ని ఇంట్లో పెట్టుకుని అంతదూరం ఎందుకు పోవాలని కొందరు మిత్రులు అడగవచ్చు. అక్కడ ఏ పాట వుండేదో, ఏది తీసేశారో స్వరాలతో సహా అచ్చులో వుంది, రికార్డుల్లో వుంది. ఏ వూరి ప్రదర్శనలో ఏ పద్యం మింగేశారో రాసిపెట్టుకునే అలవాటు మనకు తక్కువ. సాక్ష్యం వున్నచోట వాదించడం తేలిక. పైగా అక్కడ దొరికిన నీతి ఇక్కడ పనికిరాదని నేను అనుకోను.

1966లో న్యూయార్కులో 'కాబరే' అనే సంగీత నాటకం మొదలయింది. క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ 1939లో అచ్చువేసిన బెర్లిన్ కథలు దానికి మూలం. వరసలు జాన్ కాండర్‌వి, పాటలు ఫ్రెడ్ ఎబ్‌వి. హిట్లరు ఇంకా గద్దె ఎక్కలేదు, ఎక్కబోతున్నాడు. అందులో ఫ్రౌలైన్ ష్నైడర్ అని ఒక పెద్దవయసు ఆవిడ వుంది. పెళ్లి కాలేదు. ఇంట్లో గదులు అద్దెకిచ్చుకుని బతుకుతుంది. షుల్ట్స్ అనే పళ్ల దుకాణదారు ఒకనాడు ఆమెకు అనాసపండు తెచ్చి ఇస్తాడు. ఆ కరువు రోజుల్లో అనాసపండంటే బంగారు నగ ఇచ్చినంత. ఇద్దరూ దానిమీద ఒక పాట పాడుకుంటారు, నవ్వూ జాలీ కలిసిన పాట. పెళ్లి ఖాయమవుతుంది. షుల్ట్స్ యూదుడు. నిశ్చితార్థం విందులో ఒక నాజీ పెద్దమనిషి ఆమెను హెచ్చరిస్తాడు. తర్వాత దుకాణం అద్దం మీద రాయి పడుతుంది. ఆమె పెళ్లి మానుకుంటుంది. మానుకుని, తన స్థానంలో వుంటే మీరేం చేసి వుండేవారని నిలదీస్తూ ఒక పాట పాడుతుంది.

ఆవిడ నాజీ కాదు. యూదులంటే ద్వేషం లేదు. వయసు మళ్లింది, వెనక ఎవరూ లేరు, గదుల అద్దె ఆగితే తిండి ఆగుతుంది. యుద్ధాన్నీ విప్లవాన్నీ డబ్బు విలువ కాగితంలా ఎగిరిపోవడాన్నీ అన్నిటినీ తట్టుకుని బతికింది, దీన్నీ తట్టుకుని బతుకుతానంటుంది. ఫాసిజానికి జనం ఎలా లొంగారనే ప్రశ్నమీద పెద్ద పెద్ద గ్రంథాలు వచ్చాయి. చిన్న ఆస్తి గల మనిషి, చెడ్డది కాని మనిషి, రేపటి అద్దె లెక్క చూసుకుని తల ఎలా వంచుకుంటుందో ఆ ఒక్క పాటలో వుంది. 1966లో ఆ పాట పాడినావిడ లోటె లెన్యా, జర్మనీనుంచి తప్పించుకుని వచ్చిన మనిషి. ఆ ప్రశ్న అడిగే హక్కు ఎవరికైనా వుంటే ఆవిడకే వుంది.

1972లో బాబ్ ఫాసీ దీన్ని సినిమా తీశాడు. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ఆ సినిమాలో ముసలావిడ నామమాత్రంగా మిగిలింది. పళ్ల దుకాణదారు బొత్తిగా లేడు. వాళ్ల పాటలన్నీ పోయాయి. పెళ్లి పాట ఒక్కటి జర్మన్ భాషలో గ్రామఫోను రికార్డుగా వెనకెక్కడో వినిపిస్తుంది. వాళ్ల స్థానంలో ఎవరు వచ్చారు? పెద్ద దుకాణాల యజమాని కూతురు నటాలియా, ఆమెను వలచిన యువకుడు. ఇద్దరూ యువకులు, అందగాళ్లు, మంచి బట్టలు కట్టేవాళ్లు. తానూ యూదుణ్ణేనని అతను ఒప్పుకుంటాడు, పెళ్లి జరుగుతుంది. నటాలియా పాత్ర ఇషర్‌వుడ్ పుస్తకంలోనే వుంది, దర్శకుడి కల్పన కాదు. అది నాకు తెలుసు. కాని పుస్తకంలో వున్నవాళ్లలో ఎవరిని తీసుకున్నాడు, ఎవరిని గెంటేశాడు అన్నది దర్శకుడి ఎంపికే గదా! అద్దెగదుల ఆవిడ నైతిక పతనం పోయి, ధనవంతుల పిల్ల ప్రేమసాహసం వచ్చింది.

దీనికి సమర్థకులు చెప్పే జవాబు గట్టిదే. ఫాసీ వాస్తవికత కోరాడంటారు. మామూలు మనుషులు వీధిలో నడుస్తూ పాటలు పాడరు గనక, పాట సహజంగా పాడే చోటు రాత్రి క్లబ్బు వేదిక గనక, పాటలన్నీ అక్కడికే పరిమితం చేశాడంటారు. బాగుంది. ఈ సూత్రం అమలయ్యేటప్పటికి జరిగిందేమిటో చూడండి. క్లబ్బు బయట ఆ సినిమాలో నోరు విప్పి పాడేది ఒక్కచోటే. వూరి బయట బీరు తోటలో ఒక నాజీ కుర్రాడు పాట అందుకుంటాడు, చుట్టూ వున్నవాళ్లు లేచి నిలబడి గొంతు కలుపుతారు. ఒళ్లు జలదరించే ఘట్టం, కాదనను. అయితే సినిమా మొత్తంమీద పాడే హక్కు ఎవరికి దక్కింది? డబ్బు తీసుకుని పాడే వినోదగాళ్లకూ నాజీలకూ. అద్దెగదుల ఆవిడకు లేదు, పళ్లు అమ్ముకునేవాడికి లేదు. వాస్తవికత పేరుతో జనం గొంతు తీసేశారు. తీసేశాక ఆ జనం మీద సానుభూతి చూపారు.

ఈ సినిమాను మా విద్యార్థులకు ఒకసారి చూపించాను. ఒక అమ్మాయి లేచి, వీళ్లంతా ఒక్కసారిగా ఎలా మారిపోయారండీ అని అడిగింది. సినిమాలో దానికి జవాబు లేదు. నాటకంలో వుంది. ఆ పాట రికార్డు మరుసటి తరగతిలో వినిపించాను. ఇంగ్లీషు సగం అర్థమై సగం కాక, పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

సినిమా ఎప్పుడూ దొంగ, రంగస్థలం ఎప్పుడూ దొర అని నేను అనడం లేదు. క్లబ్బు వ్యాఖ్యాత ఒక ఆడ గొరిల్లాతో నాట్యమాడుతూ పాడే పాట ఒకటి ఇందులోనే వుంది. అతని ప్రేయసి యూదు పిల్ల అనే సూచన చివరి మాటలో బయటపడి, అంతవరకూ నవ్విన ప్రేక్షకుడి నోరు మూయిస్తుంది. నాటకం న్యూయార్కు చేరకముందే నిరసనలు వచ్చాయి; నిర్మాత జంకి ఆ మాట మార్పించాడు. 1972 సినిమా అసలు మాటను తిరిగి పెట్టింది. ఆ మేరకు ఫాసీకి నమస్కారం. దీన్నిబట్టి తేలేదేమిటంటే, తెర, రంగం అనే విభజనలో కీలకం లేదు. డబ్బు పెట్టినవాడు ఎవరికి జంకుతాడు, ఎవరికి జంకనక్కరలేదు అనేదాంట్లో వుంది. గదులు అద్దెకిచ్చుకునే ముసలమ్మలకు సంఘం లేదు గదా.

ఇప్పుడు 'ఫినియన్స్ రెయిన్‌బో' సంగతి. 1947 నాటకం. గేయకర్త హార్‌బర్గ్, ఆర్థిక సంక్షోభం రోజుల్లో 1932లో బిచ్చమెత్తుకునే మాజీ సైనికుడి పాట రాసి అమెరికా అంతటా పాడించినవాడు. తర్వాత కమ్యూనిస్టు ముద్రవేసి హాలీవుడ్ అతన్ని ఏళ్ల తరబడి గుమ్మం తొక్కనివ్వలేదు. ఈ నాటకంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి పొగాకు పండించుకునే లోయ వుంది. జాత్యహంకారి సెనేటరు ఒకడు మంత్రమహిమతో నల్లవాడై తాను రాసిన చట్టాల రుచి తానే చూస్తాడు. అందులో లోయ ఆడవాళ్లు పాడే పాట 'నెసెసిటీ'. అవసరం అనే రాక్షసి లేకపోతే హాయిగా వుండేవాళ్లమే, అదే మమ్మల్ని పనికి తోలుతోంది అని హాస్యంగా సాగుతుంది. హాస్యమే, కాని కూలి మనిషి నడుం నొప్పి అందులో వుంది.

1968లో కొపొలా దీన్ని సినిమా తీశాడు. ఆ పాట సినిమాలో లేదు. డబ్బున్న సోమరికీ డబ్బులేని సోమరికీ లోకం వేరువేరు న్యాయాలు చెబుతుందని ఎత్తిపొడిచే పాట మాత్రం వుంది. కనక వర్గ దృష్టితో కోశారనేది మీ భ్రమ అని నన్ను ఎవరైనా అనవచ్చు. నేను ఒప్పుకోను. ధనవంతుణ్ణి ఎగతాళి చేసే పాట ధనవంతులకు కూడా సరదాగానే వుంటుంది, టిక్కెట్టు కొని మరీ నవ్వుతారు. పనిచేసే ఆడది తన పని గురించి తాను పాడే పాటలో వాళ్లకు సరదా దొరకదు, నడక కుంటుపడినట్టుంటుంది. అందుకని మొదట అదే పోతుంది. ఎవరో గదిలో కూచుని కుట్ర పన్నారని నా ఆరోపణ కాదు. కుట్ర అక్కరలేకుండానే కత్తెర అటే జారుతుంది.

అటే జారుతుందనడానికి 'షో బోట్' కంటె మంచి సాక్ష్యం లేదు. 1927 డిసెంబరులో మొదలయిన నాటకం. సంగీతం జెరోమ్ కెర్న్, మాటలూ పాటలూ హామర్‌స్టైన్. మిసిసిపీ నది మీద నాటకాల ఓడ కథ. తెరలేవగానే పత్తిబేళ్లు మోసే నల్ల కూలీల బృందగానం. పని మాది, ఆట తెల్లవాళ్లది అనే అర్థం. ఆ బృందగానంలో నల్లవాళ్లను చెప్పడానికి వాడిన మాట పచ్చి తిట్టు. 1936 సినిమాలో దాన్ని కొంచెం మెత్తబరిచారు. 1946 పునఃప్రదర్శనలో ఇంకొంచెం మర్యాద మాట వేశారు. 1966లో న్యూయార్కు లింకన్ సెంటర్లో మళ్లీ ఆడినప్పుడు ఆ నల్ల బృందగానమే ఎత్తివేశారు. క్రమం గమనించండి. మొదట తిట్టు పోయింది, మంచిదే. చివరికి తిట్టుతోపాటు కూలీ కూడా పోయాడు. పత్తిబేళ్లు ఎవరు మోశారో తెలియకుండా ఓడ కదిలింది.

ఇదే నాటకంలో ఇంకో పాట వుండేది. దుఃఖం ముంచుకొస్తోందని వంటమనిషి క్వీనీ, నల్ల బృందం కలిసి పాడేది, 'మిజరీస్ కమిన్ అరౌండ్'. న్యూయార్కుకు రాకముందు వాషింగ్టన్‌లో ఆడి చూసినప్పుడు నాటకం నాలుగు గంటలు దాటింది. కోత తప్పదు, ఆ పాట పోయింది. నాలుగు గంటల నాటకానికి కోత వద్దని నేనూ అనను. అయితే హాస్యగాళ్ల జంట వేషాలకు మిగిలిన చోటు ఆ పాటకు మిగల్లేదు. కెర్న్‌కు అది బాధ కలిగించినట్టుంది. దాని వరసను నాటకం ముందు వాయించే సంగీతంలో వుంచాడు, పట్టుబట్టి అచ్చు ప్రతిలో పాట మొత్తం వేయించాడు. 1951లో ఎం.జి.ఎం. తీసిన రంగుల సినిమాకు వచ్చేసరికి క్వీనీ దాదాపు మూగది. 1936 సినిమా హక్కులు కూడా ఆ కంపెనీయే కొని, దాన్ని చాలాకాలం ఎవరూ చూడకుండా చేసింది. ఆ పాత సినిమాలో పాల్ రోబ్సన్ వున్నాడు.

రోబ్సన్ పేరు వచ్చింది గనక నా వాదానికి ఎదురుగా నిలిచే సంగతిని నేనే ముందు చెబుతాను. నది మీది ఆ ప్రఖ్యాత గీతం చివర్లో, బతకడం విసుగు, చావంటే భయం అని కూలీ నిట్టూరుస్తాడు. 1930లు ముగిసేలోపే రోబ్సన్ తన కచేరీల్లో ఆ మాట మార్చేశాడు. చచ్చేదాకా పోరాడుతూనే వుండాలి అనే అర్థం వచ్చేట్టు పాడాడు. రాసిన హామర్‌స్టైన్‌కు ఇది నచ్చలేదు. అయితే మూలపాఠం పవిత్రమని వాదించేవాళ్లు ఇక్కడ ఎవరి పక్షం? నేను రోబ్సన్ పక్షం. కోత తప్పు, మార్పు తప్పు అని గుడ్డిగా చెప్పే శుద్ధవాదం నాది కాదు. పాట ఎవరి నోటికోసం పుట్టిందో ఆ నోరు దాన్ని దిద్దుకుంటే అది దాని హక్కు. డబ్బు పెట్టినవాడు ఆ నోరు కనిపించకుండా కోస్తే అది వేరే పని. రెంటినీ 'పాఠాంతరం' అని ఒకే గాటన కట్టడం మన విశ్వవిద్యాలయ పద్ధతి. ఆ దిద్దిన మనిషి పాస్‌పోర్టును అమెరికా ప్రభుత్వం 1950లో లాక్కుంది, 1958దాకా ఇవ్వలేదు. పాట మాత్రం ఆగలేదు. అస్సాంలో భూపేన్ హజారికా ఆ నది పాటను తన నదికి తెచ్చుకున్నాడు. ఇంత దుఃఖం చూస్తూ ఎలా ప్రవహిస్తున్నావని నదినే నిలదీశాడు. దాన్ని ఎవరు పాఠాంతరమంటారో అననివ్వండి.

మనకిది కొత్తదేమీ కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో జాషువా శ్మశానవాటిక పద్యాలు పాడనిదే మన ప్రేక్షకుడు వూరుకోడు. అవి నాటకకర్త రాసినవి కావు. నటులు తెచ్చి పెట్టారు, జనం వన్స్‌మోర్ కొట్టి ఖాయం చేశారు. అంటరానితనం అనుభవించిన కవి పద్యం రాజు నోట కాటిలో పలికింది. ఏ శుద్ధప్రతి సంపాదకుడు దాన్ని తీసేయగలడు?

డబ్బు సంగతి ఇంకా చెప్పలేదు. 1944లో లెనర్డ్ బెర్న్‌స్టైన్ సంగీతంతో 'ఆన్ ద టౌన్' వచ్చింది. యుద్ధం సాగుతుండగా, తండ్రిని జపానీయుడని ప్రభుత్వం నిర్బంధంలో పెట్టిన సోనో ఒసాటో అందులో నాయిక. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి నాట్యమాడారు. 1949 సినిమాలో ఆ కలయిక లేదు. బెర్న్‌స్టైన్ పాటలు చాలావరకు లేవు. స్టూడియో జీతగాడు రోజర్ ఈడెన్స్ కట్టిన కొత్త వరసలు వచ్చాయి. ఇలాంటి మార్పిడిని రుచిభేదమనుకోవడం అమాయకత్వం. హాలీవుడ్ స్టూడియోలకు సొంత సంగీత ప్రచురణ సంస్థలుండేవి. పాత పాట పాడిస్తే రాబడి ఇంకొకరికి పోతుంది, కొత్తపాట రాయిస్తే తమ పెట్టెలో పడుతుంది. 1941లో 'లేడీ బీ గుడ్' సినిమాలో గెర్ష్విన్ నాటకం పాటలు చాలావాటిని తీసేసి, కెర్న్, హామర్‌స్టైన్ పారిస్ పతనం మీద అంతకుముందే రాసిన పాట చేర్చారు. దానికి ఆస్కార్ వచ్చింది. సినిమాకోసం రాయని పాటకు బహుమతి ఏమిటని కెర్న్‌కే సిగ్గనిపించింది. ఆ తర్వాత, సినిమాకోసమే రాసిన పాటకు తప్ప బహుమతి లేదని నియమం వచ్చింది. న్యాయమైన నియమమే. దాని ఫలితం మాత్రం నాటకాల పాటలను తీసి కొత్తవి పెట్టడానికి ఇంకో ప్రలోభం.

ఈ ఆస్తి వ్యవహారాన్ని అందరికంటె ముందు బట్టబయలు చేసినవాడు బ్రెహ్ట్. 'మూడు పైసల సంగీతరూపకం' 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో మొదలయింది. సినిమా హక్కులు కంపెనీ కొన్నది. బ్రెహ్ట్ సినిమాకోసం రాసిచ్చిన కథ నాటకం కంటె చాలా ఎడమగా నడిచింది. దొంగలు బ్యాంకు యజమానులవుతారు. కంపెనీ వద్దన్నది. ఏమని? నాటకానికి విధేయంగా లేదని! 1930లో బ్రెహ్ట్, స్వరకర్త కుర్ట్ వైల్ దావా వేశారు. బ్రెహ్ట్ ఓడిపోయాడు, వైల్ వాదన నెగ్గింది. 1931లో పాబ్‌స్ట్ తీసిన సినిమా వచ్చేసరికి, నాటకానికి విధేయత కోరిన ఆ కంపెనీ వారి చేతుల్లోనే నాటకం పాటలు ఎన్నో ఎగిరిపోయాయి. మూలానికి విధేయత అనేది రచయిత ఎడమవైపు పోతుంటే పట్టే పగ్గం, పాటలు కోసేటప్పుడు అటకెక్కించే పగ్గం. ఈ దావామీద బ్రెహ్ట్ రాసిన దీర్ఘవ్యాసం మన ఎం.ఏ. విద్యార్థులు చదవాలి. నాటకాన్ని పాఠ్యాంశంగా పెట్టేవాళ్లు దాన్నెందుకు పెట్టరో నాకు అంతుపట్టదు.

ఇక మనలోనే వున్న ఒక ధోరణి గురించి. పాట జనాన్ని అవమానిస్తే కోయాలి, అందులో తర్జనభర్జన ఏమిటని కొందరు అభ్యుదయ మిత్రులు అంటారు. 'ఆనీ గెట్ యువర్ గన్' 1946 నాటకం. 1999లో మళ్లీ ఆడినప్పుడు, నేనూ ఇండియన్‌నే అంటూ ఆదివాసులను వెక్కిరించే పాటను తీసేశారు. ఆ పాట పోయినందుకు నేను కన్నీరు కార్చను. కాని కథ జరిగేది బఫెలో బిల్ ప్రదర్శనలో. ఆదివాసుల భూములు కాజేసిన చరిత్రను గుర్రాల ఆటగా చూపి డబ్బు చేసుకున్న ప్రదర్శన అది. వెక్కిరింత పాట పోయింది, వెక్కిరించిన వ్యాపారం అలాగే వుంది, ఇప్పుడు శుభ్రంగా కూడా వుంది. ప్రేక్షకుడు మనసు నొచ్చుకోకుండా ఇంటికి పోతాడు. ఇది ఆదివాసికి చేసిన మేలా, టిక్కెట్టు కొన్నవాడికి చేసిన మేలా?

మన దగ్గర ఇంకా సులువైన దారి కనిపెట్టారు. కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొత్తం నాటకాన్నే నిషేధించింది. ఆ పాత్రచుట్టూ బూతు పెంచినవి చాలావరకు నాటక సమాజాలు. కాళ్లకూరి వేశ్యావృత్తిమీద ఎత్తిన కత్తి అది. ఏ మాట నాటకకర్తది, ఏ మాట తర్వాత చేరింది అని అడగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. మూలప్రతి ఎదురుగా పెట్టుకుని వాదించవలసిన చోట, మనవాళ్లలో సగం మంది నిషేధానికి చప్పట్లు కొట్టారు, మిగతా సగం పద్యనాటకం ఎలాగూ భూస్వామ్య కళే గదా అని వూరుకున్నారు. ఆ రెండో జవాబు నాకు మరీ కోపం తెప్పించింది. చావబోయేవాడు రాగం తీస్తాడా అని పద్యనాటకాన్ని వెక్కిరించే తెలివి, అద్దెగదుల ముసలావిడ పాట తీసేసిన తెలివి ఒకటే. ప్రజానాట్యమండలి 1943నుంచి బుర్రకథనూ వీధిభాగోతాన్నీ పట్టుకున్నది పాటమీద ఆ చులకన లేకనే. నాజర్ గారు తంబురా మీటుతూ కథ చెబుతుంటే, మనుషులు అలా పాడుకుంటూ మాట్లాడరు గదా అని ఏ కూలీ లేచి అడగలేదు.

కాబట్టి పాత నాటకాలను మళ్లీ ఆడే సమాజాలను నేను కోరేది కొంచెమే. కోయండి, చేర్చండి, మార్చండి. ఏది కోశారో, ఎందుకు కోశారో కరపత్రంలో నాలుగు వరసలు వేయండి. కోసిన పాట మొత్తం వెనక పేజీలో అచ్చువేయండి. వాషింగ్టన్‌లో పోయిన ఆ దుఃఖగీతాన్ని 1988లో జాన్ మెక్‌గ్లిన్ అనే సంగీత నిర్వాహకుడు పూర్తిగా రికార్డు చేయించాడు. 1993లో టొరంటోలో మొదలయిన పునఃప్రదర్శనలో అది మళ్లీ రంగమెక్కింది. కెర్న్ పట్టుబట్టి అచ్చువేయించిన ఆ ప్రతి వుండబట్టే అరవై ఏళ్ల తర్వాత వెతుక్కోవడానికి ఒక చోటంటూ దొరికింది. మన పల్లెల్లో పాత హార్మోనిస్టుల దగ్గరా వేషధారుల దగ్గరా చేతిరాత ప్రతులు ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. విద్యార్థి మిత్రులు ఈ వేసవి సెలవుల్లో ఒక్కో వూరికి ఒక్కొక్కరు పోయినా చాలు. నోట్ పుస్తకం తీసుకుపొండి. పద్యం రాసుకున్నాక, ఇది మీరు ఎప్పుడు మానేశారు, ఎవరు మానమన్నారు అని కూడా అడిగి రాసుకోండి.